గంట మోగకముందు

సోమవారం పొద్దున్నే నెట్టీ ఫ్రీసెన్ చేతికంటిన మైనం తుడుచుకుని, కాఫీ పక్కన పెట్టుకుని, తీరిగ్గా ఒక అబద్ధం అల్లడానికి కూర్చుంది. ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. సస్కటూన్‌లోని ఒక పళ్ళ ల్యాబులో కిటికీ పక్క బల్ల ఆమెది. బల్ల మీద ఎవరిదో దవడ అచ్చు, దాని మీద గులాబీ రంగు మైనం, మైనంలో అప్పటికి ఆరు పళ్ళు. మిగతావి డబ్బాలో ఉన్నాయి. పళ్ళు కాసేపు ఆగితే మునిగిపోయేదేమీ లేదు. ఇవాళ కోతల వారం మొదలు.

ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడని పదిమంది స్నేహితులు వాళ్ళు. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరి ఊళ్ళో వాళ్ళుండి ఆన్‌లైన్‌లో ఆడుకుంటారు. రోజూ పొద్దున ఒకరు ఒక తర్కం పజిల్ పెడతారు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడు, ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాడు, వాళ్ళ మధ్య ఇరుక్కున్న బాటసారి, ఇలాంటివి. అది విప్పాక షేర్ల ఆట. ధరలు నిజమైనవే, డబ్బు మాత్రం ఉత్తుత్తిది. ఎంత పోయినా ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరదు. కానీ ఒక్క నియమం మాత్రం ఉత్తుత్తిది కాదు. ఏం కొన్నాం, ఎందుకు కొన్నాం అన్న దాంట్లో ఎవరూ అబద్ధం చెప్పకూడదు. ఒకాయన ఒకసారి అబద్ధం చెప్పాడు. ఆయన పేరు ఇప్పుడు ఎవరూ తలవరు.

సీజన్ చివరి వారం ఒక్కటే దీనికి మినహాయింపు. సోమవారం మార్కెట్ తెరిచే గంట మోగినప్పటి నుంచి శుక్రవారం మూసే గంట దాకా ఎవరు ఎన్ని కోతలైనా కోయొచ్చు. శుక్రవారం సాయంత్రం రెఫరీ కార్లిస్ అందరి పద్దులూ తెరిచి చూపిస్తాడు. కోతకి పడిపోయినవాడు నెత్తిన గిన్నె బోర్లించుకుని ఫొటో పంపాలి. పోయిన రెండు సీజన్లలోనూ గిన్నె నెట్టీ నెత్తినే పడింది. ఈసారి ఇంకొకరి నెత్తిన పెట్టాల్సిందేనని ఆమె పట్టుదల.

గోడ గడియారం చూసింది. సీజన్ పొడుగునా ఆ గడియారంలో ఏడున్నరకి గంట మోగింది. హద్దు దాటానన్న మాట పడకూడదని ఇంకో పది నిమిషాలు ఆగి మరీ రాసింది. "ఉన్నదంతా పెలికన్ నారోస్ మీద పెట్టేశాను. అడవిలో లిథియం కోసం తవ్వుతున్న చిన్న కంపెనీ. మా మేనల్లుడు అక్కడే డ్రిల్లు మీద పని చేస్తున్నాడు. లిథియం రాయి తగిలిన రాత్రి ఎవరికీ నిద్ర లేదట. ఫలితాలు శుక్రవారం చెబుతారు. మీరు నా మాట వినరు, తెలుసు. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

ఆమెకి మేనల్లుడే లేడు. ఆ కంపెనీ పేరు అంతకు ముందు రోజు ఏదో జాబితా అడుగున చూసింది. నిద్ర లేని రాత్రి మాత్రం తనకే బాగా నచ్చింది. పంపించేసి, ఏడో పన్ను తీసి మైనంలో నిలబెట్టి, వేడి చాకు మొనతో దాని మొదలు చుట్టూ గీసింది.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ చూస్తే, వెండెల్ ఓక్స్ జవాబు వచ్చి ఉంది. వెండెల్ మానిటోబాలో ఒక చిన్న ఊరివాడు. మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆటకి ఆ ఊళ్ళో ఉన్న రింకులో మంచు పరిచి, నున్నగా చేసి, కాపాడడం ఆయన పని. మాట తక్కువ మనిషి. రోజూ పజిల్ అందరికంటే ముందు విప్పి, జవాబు ఒక్క ముక్కలో రాసి వెళ్ళిపోతాడు.

"నేనూ పెట్టాను నెట్టీ," అని రాశాడు. "ఆటలో కాదు, నిజంగా. ఇల్లు అమ్మిన డబ్బు. మా ఆవిడ అల్మాని చేర్చే వృద్ధుల హోములో గదికి కట్టాల్సింది."

దాని కింద కార్లిస్ రెచ్చిపోయి ఉన్నాడు. నోవాస్కోషియాలో రిటైరైన హెడ్మాస్టరు ఆయన. నోరు మాత్రం రిటైరు కాలేదు. "కోత అంటే ఇదయ్యా. నెట్టీ, నీ మేనల్లుడు దీని ముందు దిగదుడుపు. పెళ్ళాన్ని కూడా ఆటలోకి దింపాడు చూడు పెద్దమనిషి. వెండెల్, నీకు నోరుందని ఇన్నాళ్ళూ తెలియనేలేదే."

నెట్టీ కూడా నవ్వు బొమ్మ ఒకటి పెట్టింది. నిజం చెప్పాలంటే కాస్త కుళ్ళుకుంది కూడా. తను గంట కూర్చుని అల్లినదానికంటే ఆయన మూడు ముక్కల్లో రాసింది బాగుంది.

మంగళవారం పొద్దున పజిల్ పెట్టే వంతు వెండెల్‌ది. పెట్టలేదు. వంతు తప్పడం ఆయన చరిత్రలో లేదు. పదింటికి వచ్చి పజిల్ బదులు ఒక ప్రశ్న అడిగాడు. "నిన్న నా ఆర్డరు ముక్కలు ముక్కలుగా తెగింది. మొదటి ముక్కకి ఒక ధర, చివరిదానికి ఇంకో ధర. కొంత సాయంత్రం దాకా నిండనే లేదు. చిన్న కంపెనీలకి ఇలాగే ఉంటుందా?"

అదీ కోతేననుకున్నారు అందరూ. కార్లిస్ ఒక్కడు చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ పెట్టాడు.

నెట్టీ అప్పుడు ముందు పళ్ళ వరస సరిచేస్తోంది. చేతిలో చాకు అలాగే ఆగిపోయింది. వాళ్ళ ఆటలో ఆర్డరు ముక్కలు కాదు. ఎంత అడిగితే అంత, నొక్కిన క్షణంలో, ఒకే ధరకి వచ్చి పడుతుంది. అమ్మేవాడు దొరక్క ఎదురుచూడడం, కొంటుంటేనే ధర పైకి పోవడం నిజం బజారులో సంగతులు. కోత కోసేవాడు పెద్ద పెద్ద మాటలు కోస్తాడు కానీ ఇంత చిన్న ఇబ్బంది ఎందుకు కల్పిస్తాడు?

ఫోన్‌లో పెలికన్ నారోస్ ధరల గీత తెరిచింది. రోజుల తరబడి కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు. గీత నేల మీద పడుకుని ఉంది. సోమవారం దగ్గర మాత్రం ఒక్క స్తంభం నిలువునా లేచి ఉంది. ఎవరో ఒక్కరే, ఉన్న షేర్లన్నీ ఊడ్చుకుపోయినట్టు. నెట్టీ ఫోన్ పక్కన పెట్టి, ఇంకో పన్ను తీసి చూడకుండానే మైనంలో గుచ్చింది.

"ఏమే, ఆ కోరపన్ను వెనక్కి తిప్పి పెట్టావు," అంది పక్క బల్ల దగ్గరున్న మేవిస్, కళ్ళద్దాల మీంచి చూస్తూ. "ఆయన దాంతో తన చెవి కొరుక్కోవాలా?"

నెట్టీ పన్ను పీకి మళ్ళీ పెట్టింది. "మేవిస్, నేను చెప్పిన అబద్ధం ఒకాయన నమ్మాడేమో."

"నమ్మాలనే కదా చెప్పావు."

"నిజం డబ్బు పెట్టాడేమో."

మేవిస్ చేతిలో పని ఆపలేదు. "అదీ మీ ఆటలో భాగమేనేమో. నిన్ను ఏడిపించడానికి. మళ్ళీ గిన్నె నీ నెత్తినే పెడతారు చూడు."

ఆ మాట పట్టుకుని నెట్టీ ఆ పూటంతా గడిపింది. గిన్నె నా నెత్తినే పడితే పడనీ అనుకుంది. ఫొటో పంపుతాను, పది మందీ నవ్వుతారు, అంతటితో సరి. కానీ ఆ స్తంభం కళ్ళ ముందు నుంచి పోలేదు.

బుధవారం వెండెల్‌కి విడిగా రాసింది. "నువ్వు రాసింది నిజమా?"

చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఇది ఏ వారమో నీకు తెలుసు కదా."

"వెండెల్, ఆట పక్కన పెట్టు. నాకు మేనల్లుడు లేడు. శుక్రవారం ఏ ఫలితాలూ రావు. అంతా అల్లాను. నిజంగా పెట్టి ఉంటే ఇప్పుడే అమ్మెయ్."

"బాగుంది," అని రాశాడు వెండెల్. "అబద్ధాలు చెప్పే వారంలో ఒక మనిషి వచ్చి, నేను మొన్న అబద్ధం చెప్పాను అంటుంది. ఏం నమ్మాలి? మనం విప్పిన మొదటి పజిలే ఇది. నేను కొన్నాక ధర పెరిగింది. ఇప్పుడు నేను అమ్మితే పడుతుంది. అప్పుడు చవగ్గా కొనుక్కునేది ఎవరో లెక్క వేసుకోగలను." ఆ తర్వాత ఆమె ఎన్ని రాసినా పలకలేదు.

కార్లిస్‌కి రాసింది. ఈ వారం ఆపేయండి, అందరికీ మీరే చెప్పండి, ఆయన మునిగిపోయేలా ఉన్నాడు అని బతిమాలింది. కార్లిస్ వెంటనే పలికాడు. "భలేదానివే మహాతల్లీ. రెఫరీనే బుట్టలో వేద్దామనా? ముప్పై ఏళ్ళు పిల్లకాయల దొంగ కడుపునొప్పులు చూసినవాణ్ణి నేను." ఆమె మళ్ళీ రాసింది. ఆయన మళ్ళీ నవ్వాడు. ఎంత ఒట్టేస్తే అంత గొప్ప కోత అవుతోంది అక్కడ.

గురువారం తెల్లవారగానే మేవిస్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పి, కారు తీసింది. వెండెల్ ఊరి పేరు తెలుసు. ఆ ఊళ్ళో రింకు ఒక్కటే ఉంటుందనీ తెలుసు. దారి పొడుగునా కోతలైపోయిన పొలాల మీద పలచగా మంచు, మధ్యలో ధాన్యం లారీలు. ఎక్కడా ఆగలేదు. ఫోన్ నంబరు కూడా తెలియని మనిషి కోసం ఇంత దూరం వెళ్తున్నానేమిటి అని ఒకసారి అనుకుంది. అదంతా కోతేనని తేలి పిచ్చిదానిలా తిరిగొస్తే అంతకంటే కావలసిందేముంది అని కూడా అనుకుంది.

రింకులో ఒకాయన వీపుకి నీళ్ళ డబ్బా కట్టుకుని, చేతిలో పైపు ఊపుతూ, మంచు మీద వెనక్కి నడుస్తున్నాడు. సన్నటి నీటి చుక్కలు పడ్డచోట పడ్డట్టే గడ్డకట్టి గింజలవుతున్నాయి. ఆ గింజలు లేకపోతే ఆట రాయి సాగదు. కుడికి ఒక ఊపు, ఎడమకి ఒక ఊపు, వెనక్కి ఒక అడుగు. చివరిదాకా వచ్చేదాకా ఆయన తల ఎత్తలేదు. మనిషి పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు.

అద్దాల గదిలో ఒక ఆవిడ ఒడిలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఆవిడ చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. "వెండెల్ కోసమా?" అంది. "కూర్చో తల్లీ. ఆయన పని మధ్యలో ఆగడు. టీ ఉంది, పోసుకో. నాకు పోయడం రాదు ఇప్పుడు, నేల మీద పోస్తాను."

"నేను నెట్టీని. పజిళ్ళ నెట్టీని."

అల్మా ముఖం విప్పారింది. "నువ్వేనా? పొద్దున్నే మా ఇంట్లో నీ మాటే. నెట్టీ ఇలా విప్పింది, నెట్టీ అలా పట్టేసింది అంటాడు. ఆటలో ఎవరి మాటైనా వింటానంటే నెట్టీ మాటే వింటానంటాడు." టీ కప్పు పట్టుకున్న నెట్టీ ఎటు చూడాలో తెలియక మంచు వైపు చూసింది.

వెండెల్ డబ్బా దించి బయటికి వచ్చాడు. నెట్టీ ఎవరో తెలియగానే ఆయన ముఖంలో ముందు సంతోషం కనిపించింది, వెంటనే పోయింది. ఆమెని యంత్రాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. అక్కడ మోటార్ల రొద.

"ఇంత దూరం వచ్చావా కోత నిలబెట్టుకోవడానికి?"

"నా ముఖం చూడు వెండెల్. నీ డబ్బు నిజంగా అందులో ఉందా?"

"ఉంది."

"అంతా?"

ఆయన తల ఊపాడు. నెట్టీ గోడకి ఆనుకుంది. "ఎందుకు నమ్మావయ్యా? కోతల వారంలో నేను రాసింది ఎందుకు నమ్మావు?"

"కోతల వారంలో రాయలేదు నువ్వు," అన్నాడు వెండెల్, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు. "గంట ఎనిమిదిన్నరకి మోగింది. నువ్వు రాసింది ఏడూ నలభైకి. గంట మోగకముందు మనలో అబద్ధం చెప్పేవాళ్ళు లేరు. రెండుసార్లు చూసుకున్నాను. చూసుకున్నాకే బ్యాంకు వాళ్ళకి చెప్పాను."

"ఏడున్నరకి మోగింది," అంది నెట్టీ. అనగానే ఆదివారం గుర్తొచ్చింది.

చలికాలం వస్తోందని, ఏటా చేసినట్టే, ఆదివారం దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకున్నారు. నెట్టీ ఉండే సస్కాచెవాన్‌లో మాత్రం తిప్పరు. ఎండాకాలమైనా చలికాలమైనా వాళ్ళ గడియారం వాళ్ళదే. వెండెల్ ఊళ్ళో గడియారం మార్కెట్‌తో పాటే జరుగుతుంది కనుక ఆయనకి గంట ఏడాదంతా ఎనిమిదిన్నరకే. నెట్టీకి మాత్రం ఆదివారం దాకా ఏడున్నరకి మోగిన గంట సోమవారం నుంచి ఎనిమిదిన్నరకి జరిగింది. ఇంతకు ముందు ఏ సీజనూ నవంబరులో ముగియలేదు. ఆ సంగతి తట్టనే లేదు. హద్దు దాటకూడదని పది నిమిషాలు ఆగిన మనిషి, హద్దుకి ఇవతలే నిలబడి అబద్ధం చెప్పింది.

చెప్పింది ఆయనకి. గడగడా, మాటలు తడబడుతూ చెప్పింది. వెండెల్ అంతా విన్నాడు.

"పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నావు," అన్నాడు. "మీ గడియారం సంగతి నీకే తెలియదా? ఇది నన్ను నమ్మమంటావు."

"మర్చిపోయాను వెండెల్. తల కొట్టుకున్నా అంతకంటే ఏం చెప్పను? పోనీ, తప్పు నాది, ఆ నష్టమేదో నేను..."

"నాకెవరి దయా అక్కర్లేదు." గొంతు పెంచలేదు కానీ ఆ మాటతో దారి మూసుకుపోయింది.

నెట్టీ తలుపు వైపు తిరిగింది. ఇక మిగిలింది ఒక్కటే. అది ఆమెకే అసహ్యంగా ఉంది. "అల్మాకి తెలుసా?"

వెండెల్ ముఖం రాయిలా అయిపోయింది.

"ఇప్పుడు అమ్మకానికి పెట్టకపోతే, ఆ గదిలోకి వెళ్ళి నేనే చెప్తాను," అంది.

ఆయన మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, మంచుకి చిట్లిన బొటనవేలితో ఒక్కొక్క అంకె నొక్కాడు. కొన్న ధరకే పెట్టాడు. "పెట్టాను. ఇక వెళ్ళు," అన్నాడు.

వెళ్ళేటప్పుడు అల్మా తినమని ఒక దాల్చినచెక్క బన్ను కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆవిడ వేళ్ళ వణుకుకి కాగితం గలగలలాడింది.

కారులో కూర్చుని నెట్టీ ఫోన్ తెరిచింది. పెలికన్ నారోస్ అమ్మకం వైపు పెద్ద అంకె ఒకటి నిలబడి ఉంది. వెండెల్ ఇల్లు అది. కొనేవాళ్ళ వైపు ఖాళీ. ఎవరో ఒకడు సగం ధరకి నాలుగు షేర్లు అడుగుతున్నాడు. నిమిషాలు గడిచాయి, అంకె కదలలేదు. ధరని లేపింది వెండెలే. ఆ ధరకి కొనే మనిషి వెండెల్ తప్ప ఇంకెవరూ ఈ భూమ్మీద లేరు. ఇంకాసేపు చూసి, మార్కెట్ మూసేలోపు ఆయన ఆర్డరు వెనక్కి తీసుకుంటాడు. ఆ తర్వాత ఆయన చేత అమ్మించడం ఎవరి తరమూ కాదు.

నెట్టీకి కళ్ళు మసకబారుతున్నాయని డాక్టరు పోయిన ఏడాదే చెప్పాడు. మసకకళ్ళతో పళ్ళు చేయలేరు. ఆ రోజు వస్తే కూర్చుని తినడానికి దాచుకున్నది ఒక్కటే ఆమెకున్న ఆస్తి. వేలు పెట్టింది, తీసింది. కాసేపు బన్ను పొట్లం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, ఇంకోసారి ఆలోచిస్తే చేయనని తెలిసి, ఉన్నదంతా ఆ ధరకే కొనడానికి పెట్టి నొక్కింది. అమ్మకం వైపు అంకె మాయమైంది. సోమవారం తను రాసిన మాట, ఉన్నదంతా పెలికన్ నారోస్ మీద పెట్టేశానన్న మాట, అక్షరం పొల్లు పోకుండా నిజమైంది.

రింకు తలుపు తెరుచుకుంది. వెండెల్ ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తన ఫోన్ వైపు చూశాడు, కారులో ఆమె చేతిలో వెలుగుతున్న ఫోన్ వైపు చూశాడు. నెట్టీ చెయ్యి ఎత్తింది. ఆయన ఎత్తలేదు.

శుక్రవారం ఆమె పళ్ళకి మెరుగు పెట్టింది. తిరిగే గుడ్డచక్రానికి దవడ ఆనించి, అడుగు నుంచి అంచుకి, అంచు నుంచి అడుగుకి తిప్పింది. మేవిస్ ఏం జరిగిందని అడగబోయి, ముఖం చూసి ఊరుకుంది. మధ్యాహ్నం ధర చూస్తే ఇంకో రెండు సెంట్లు పెరిగి ఉంది. ఈ వారంలో రెండుసార్లు కదిలిన కంపెనీ కదా అని ఎవరో ఇద్దరు ముగ్గురు కొద్దికొద్దిగా కొన్నట్టున్నారు. సోమవారానికి వాళ్ళూ ఉండరు. ఆ రెండు సెంట్లు వెండెల్ కూడా చూసి, ఇందుకే తన చేత అమ్మించిందని అనుకుని ఉంటాడు. నెట్టీకి దానికంటే భయం ఇంకేదీ లేదు.

మూసే గంట మోగింది. ఈసారి గడియారం రెండుసార్లు చూసుకుంది. కార్లిస్ పద్దులు తెరిచాడు. నెట్టీ ఆట పద్దులో పెలికన్ నారోస్ ఒక్క షేరు కూడా లేదు.

"అనుకున్నాను," అని రాశాడు కార్లిస్. "మేనల్లుడి కోత సీజన్‌కే గొప్ప కోత. బుధవారం నాకు రాసిన ఏడుపు చూస్తే హెడ్మాస్టరుగా నాకే మతిపోయింది. అందరూ లేచి దండం పెట్టండి. ఇక గంట మోగింది బాబులూ, నోళ్ళు కడుక్కోండి. ఇప్పటి నుంచి నిజాలే."

నవ్వులు, చప్పట్లు, గిన్నెల బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి మధ్యలో వెండెల్ పేరు వచ్చింది.

"గంట మోగింది కనుక ఒకటి అడుగుతాను," అని రాశాడు. "నెట్టీ, నిన్న రింకు ముందు కారులో కూర్చుని నా షేర్లన్నీ కొన్నది ఎవరు?"

నవ్వులు ఆగాయి. కార్లిస్ ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు.

నెట్టీ వేళ్ళు ఫోన్ మీద ఉన్నాయి. గోళ్ళ సందుల్లో మెరుగు పొడి ఉంది. అల్మా గది, ఖాళీగా ఉన్న కొనుగోలు వైపు, సోమవారం ఆ ధర ఎక్కడ ఉండబోతోందో, అన్నీ రాయాలి. ఏది ముందు రాయాలో తెలియలేదు. ఇంత పొడుగు జవాబు రాసేవాళ్ళని వెండెల్ ఎప్పుడూ నమ్మడు. పజిల్‌కి జవాబు ఒక్క ముక్కలో ఉండాలంటాడు.

"నేనే," అని రాసింది.

మిగతాది రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తి కాకముందే తెర మీద ఒక చిన్న బూడిదరంగు వరస పడింది. వెండెల్ ఓక్స్ బృందం నుంచి వెళ్ళిపోయారు.

"ఏంటిది?" అని రాశాడు కార్లిస్. "ఇంకా కోతేనా?"

మేవిస్ వెళ్తూ దీపాలు ఆర్పాలా అని అడిగింది. వద్దు, ఇంకాస్త పనుంది అంది నెట్టీ. మెరుగు పెట్టిన పళ్ళని గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసింది. ఫోన్ బోర్లించి పెట్టి, డబ్బాలోంచి ఇంకొకరి దవడ తీసుకుంది.